మన తీరంలో తాబేళ్లను చంపుతున్నది చలి కాదు

శ్రీహరికోట, తూపిలిపాలెం తీరాల్లో చనిపోయి పడి ఉన్న ఆలివ్ రిడ్లీ తాబేళ్ల ఫోటోలతో ఒక సందేశం తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. సముద్రం చల్లబడి అవి కొయ్యబారిపోతున్నాయనీ, అమెరికాలో చేస్తున్నట్టే వేడినీళ్లు పోసి, కదలిక రాగానే నీళ్లలోకి నెట్టేయాలనీ, మరీ నీరసించినదాన్ని తిరుపతికి తెచ్చి కోనేట్లో వదిలితే కూర్మావతారమూర్తికి సేవ చేసినట్టేననీ దాని సారాంశం. పంపేవారి మనసు మంచిదే. సలహాల్లో మాత్రం ఒక్కటీ పనికొచ్చేది లేదు.

నీటి ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే సముద్ర తాబేళ్లు ఈదలేక తేలిపోతాయన్నది నిజమే. అమెరికాలోని కేప్ కాడ్ అఖాతంలో ఏటా శరదృతువు చివర, దక్షిణానికి మళ్లే దారి దొరకక చిక్కుకున్న కెంప్స్ రిడ్లీ తాబేళ్లు ఇలాగే ఒడ్డుకు కొట్టుకొస్తాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో లోతు తక్కువ జలాలు ఒక్కసారిగా చల్లబడినప్పుడు వేలాది తాబేళ్లను తెచ్చి సౌత్ పాడ్రే ఐలాండ్‌లోని సమావేశ మందిరంలో నేలంతా పరచవలసి వచ్చింది. బంగాళాఖాతం సంగతి వేరు. జనవరిలోనూ మన తీరపు నీరు 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ధనుర్మాసంలో మనం శాలువా కప్పుకున్నంత మాత్రాన సముద్రం గడ్డకట్టదు.

వేడినీళ్ల మాట అమెరికాలో ఈ తాబేళ్లకు చికిత్స చేసేవారు వింటే హడలిపోతారు. కొయ్యబారిన తాబేలును మొదట చల్లని గదిలోనే ఉంచి, రోజుకు సుమారు 3 డిగ్రీల చొప్పున నాలుగైదు రోజులపాటు మెల్లగా వెచ్చబరుస్తారు. గుండె ఎంత నిదానంగా కొట్టుకుంటుందంటే, బతికున్నదో లేదో తేల్చడానికే పరికరం కావాలి. ఆపైన న్యుమోనియాకు మందులు, ఒంట్లో ఇంకిపోయిన నీటికి ద్రవాలు ఇస్తారు. చాలావాటికి నెలల చికిత్స పడుతుంది.

ఇక కదలగానే నెట్టేయడం. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. స్పృహ సరిగా లేనిదాన్ని నీళ్లలో వదిలితే మునిగి చస్తుంది. వలలో చిక్కి సొమ్మసిల్లినదాన్ని బోర్లా ఉంచి, వెనుక భాగాన్ని కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తిపెట్టి, నీడలో తడిగుడ్డ కప్పి 4 నుంచి 24 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. ఊపిరితిత్తుల్లోని నీరు బయటికి రావడానికే ఆ ఎత్తు. ఈలోగా అటవీ శాఖకు కబురు పంపాలి. రాత్రిపూట ఇసుక తవ్వుతూ కనిపించేది గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి. దాని జోలికి పోకూడదు.

కోనేరు గురించి చెప్పవలసింది తక్కువ. అది మంచినీరు, ఇది ఉప్పునీటి ప్రాణి. పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువును బండిలో వేసుకుని తిరుపతి చేరితే సేవ కాదు, కేసు.

అయితే అవి ఎందుకు చనిపోతున్నాయి? 2025 జనవరిలో చెన్నై తీరంలో వందలాదిగా కొట్టుకొచ్చిన తాబేళ్లు కళ్లు ఉబ్బి, మెడ వాచి కనిపించాయి. ట్రాలర్ వలలో చిక్కి, పైకొచ్చి ఊపిరి తీసుకునే వీలు లేక మునిగిపోయినదాని గుర్తులవి. తాబేలు తప్పించుకుపోయేలా వలలో అమర్చే టెడ్ అనే చట్రాన్ని మర పడవలు సరిగా వాడకపోవడం, ఒడ్డుకు దగ్గరగా చేపలు పట్టరాదన్న నిబంధనను మీరడం దీనికి కారణాలు. ఏటా విధించే చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న గానీ మొదలవదు. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి జనవరి నుంచే ఒడ్డుకు చేరువవుతాయి.