తలనొప్పి తగ్గింది సరే, కిడ్నీల మాటేమిటి?

బెంగళూరు మారతహళ్లిలోని ఒక మందుల షాపులో మొన్న నా ముందు నిలబడిన అమ్మాయి, నుదుటికి చున్నీ బిగించి కట్టుకుని, "అన్నా, ఎప్పుడూ తీసుకునే తలనొప్పి మాత్రలు రెండు స్ట్రిప్పులివ్వండి" అని తెలుగులో అడిగింది. అవి నొప్పి తగ్గించే నాప్రోక్సెన్, వాంతులు ఆపే డోంపెరిడోన్ కలిసిన మాత్రలు. షాపతను డాక్టరు చీటీ అడగలేదు. ఆమె మెట్టు దిగకముందే ఒకటి తీసి నీళ్లు లేకుండానే మింగేసింది.

మెదడు, నరాలు, మానసిక జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్ సంస్థ వైద్యులు పాల్గొన్న ఇంటింటి సర్వేలో, బెంగళూరు పరిసరాల్లో 18 నుంచి 65 ఏళ్లవారిలో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవారు 25.2 శాతమని తేలింది. ఇంతమందికి సులువుగా చేతికందేవి నాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలే.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలు ముడుచుకుపోకుండా కాపాడేవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు. ఈ మాత్రలు వాటి తయారీకే అడ్డుపడతాయి. మైగ్రేన్ వచ్చిన రోజు వాంతులవుతాయి, మంచినీళ్లు కూడా ఇమడవు, సరిగ్గా అప్పుడే మాత్ర పడుతుంది. పైగా సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటల తరబడి ఇరుక్కుంటే దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదన్న భయంతో పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకునే ఆడవాళ్లు ఈ ఊళ్లో ఎందరో. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్నవారు ఎప్పుడో ఒకసారి వేసుకునే మాత్ర వేరు, ఎండిన ఒంట్లో నెలల తరబడి పడే మాత్ర వేరు. బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మందుతోపాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వాడేవారికి ఈ నొప్పి మాత్ర మూడోదిగా తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ.

మైగ్రేన్ రాకుండా రోజూ ఇచ్చే టోపిరమేట్ దారి వేరు. అది మూత్రంలో రాళ్లు కట్టకుండా అడ్డుకునే సిట్రేట్‌ను తగ్గించి కిడ్నీలో రాళ్లకు చోటిస్తుంది. కాబట్టి నీళ్లు బాగా తాగమని చెప్పకుండా ఆ మందు రాయడం సగం వైద్యమే.

మామూలు నొప్పి మాత్రలను నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే అవే తలనొప్పిని పెంచుతాయి. తలనొప్పి పెరిగితే మాత్రలూ పెరుగుతాయి. కిడ్నీ మాత్రం నొప్పితో హెచ్చరించదు, కిడ్నీ వడకట్టి పంపాల్సిన వ్యర్థమైన క్రియాటినిన్ సైతం రక్తంలో దాని పనితనం చాలావరకు తగ్గాకే పెరుగుతుంది. అందుకే తరచూ మాత్ర వాడేవారు క్రియాటినిన్‌తోపాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. స్ట్రిప్పు చేతికిచ్చే ముందు షాపతను కూడా, ఈ నెలలో ఇది ఎన్నోసారి, ఇవాళ వాంతులయ్యాయా, నీళ్లు తాగారా అని అడగాలి.