నెలాఖరు గారికి, ఒక సేల్స్ ఆఫీసర్ రాసుకున్న విన్నపం

నెలాఖరు గారూ, నమస్కారం.

మా ఆఫీసులో ఏ దేవుడి మీదా లేని భక్తి మీ మీదుంది. ఒకటో తారీఖున మీటింగు, టార్గెట్లు పంచుకోవడం, మిక్చరు, టీ. పదో తారీఖు దాకా పోయిన నెల దింపిన సరుకే కదలదు కాబట్టి డిస్ట్రిబ్యూటర్ ఫోన్ ఎత్తడు. ఇరవై దాకా "ఇంకా టైముందిలే". ఆ తర్వాత మీ అడుగుల చప్పుడు వినపడుతుంది, అందరికీ ఒకేసారి పూనకం వస్తుంది.

మాది సబ్బులు, షాంపూల లైను, నా ఏరియా తెనాలి. కాగితం మీద మా పద్ధతి ముచ్చటగా ఉంటుంది: రోజుకో బీటు, అంటే ఆ రోజు తిరగాల్సిన కొట్ల వరుస, బీటుకి 40 కొట్లు, మంగళవారం వెళ్లిన కొట్టుకి మళ్లీ మంగళవారమే వెళ్లాలి. కొట్టు ముందు నిలబడితే తప్ప ఆర్డర్ తీసుకోని యాప్ కూడా ఇచ్చారు. ఆర్డర్లు రాసుకొచ్చే మా సేల్స్ కుర్రాడు దానికీ మందు కనిపెట్టాడు. బజారు మధ్యలో టీ బడ్డీ దగ్గర కూర్చుని చుట్టూ ఉన్న కొట్లన్నిటికీ "షాపు మూసి ఉంది" అని కొట్టేస్తాడు. ఆ లెక్కన తెనాలిలో కొట్లు తెరిచేది మీరు దయచేసే ఐదు రోజులే.

పోయిన నెల 30న రాత్రి డిస్ట్రిబ్యూటర్ గొడౌన్‌లో ఉన్నాను. పెట్టెలు ఫ్యాను రెక్కల దాకా ఉన్నాయి. "ఏమండీ, మీరు దింపిన షాంపూ పెట్టెల మీద పిల్లి ఈనింది. ఇంకో వంద ఎక్కడ పెట్టమంటారు, మా పడగ్గదిలోనా?" అన్నాడాయన. "ఇవాళ్టికి బిల్లు వేసుకోండి, ఐదో తారీఖుకి క్రెడిట్ నోట్ ఇప్పిస్తా" అన్నాను. క్రెడిట్ నోట్ అంటే బిల్లులో కొంత ఆయన ఖాతాకి తిరిగి జమ చేసే కాగితం. ఇలా అన్న నోట్లు ఇప్పటికి మూడు బాకీ. మరేం చేయను, కంపెనీ నుంచి ఆయన గొడౌన్‌కి చేరితే దాన్ని ప్రైమరీ అంటారు, ఆయన నుంచి కొట్టుకి వెళ్తే సెకండరీ. పేరులోనే తెలుస్తోంది కదండీ దేనికెంత మర్యాదో.

అదే బీటులో మసాలా పొడులమ్మే అబ్బాయి ఒకడున్నాడు. యాప్ లేదు, పాత ఎక్సెల్ బండి, జేబులో చిన్న నోట్‌బుక్. వానొచ్చినా సరే మంగళవారం పదకొండింటికి కొట్టులో ఉంటాడు, గుడ్డతో అర తుడిచి పాత ప్యాకెట్లు ముందుకి జరుపుతాడు, అరడజనే అడిగినా రాసుకుని పోతాడు. ఇప్పుడు వాడి సరుకు గల్లాపెట్టె పక్కన వేలాడుతోంది, మా షాంపూ దండలు చీపుళ్ల వెనక.

మొన్న ఒళ్లు మండి లెక్కేశాను. వారానికి ఆరు బీట్లు, 240 కొట్లు. కొట్టుకి వారానికి 50 రూపాయల సరుకు అదనంగా వెళ్లినా నెలకి 48,000. మీ ముందు నేను చేతులు నలుపుకునేది అటూ ఇటూగా అంత మొత్తానికే. పిల్లిని కూడా లేపక్కర్లేదు.

సరే చూద్దామని ఈ నెల పదో తారీఖున, కుర్రాణ్ని టీ బడ్డీ దగ్గర్నుంచి లేపి, బీటు ప్రకారం కొట్లకి తీసుకెళ్లాను. మొదటి కొట్టులో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ లాగి, మంచినీళ్లిచ్చి, జాలిగా అడిగింది: "ఏం నాయనా, కంపెనీ మారావా?"

ఇట్లు,
మీ పాత భక్తుడు