సైనిక చట్టంలో ఆ సెక్షన్‌ ఏది?

కాపలా డ్యూటీలో నిద్రపోతే నేరం. తాగి కనిపిస్తే నేరం. భర్తీ సమయంలో అబద్ధం చెబితే నేరం. ఒంటి మీది యూనిఫాం అమ్ముకున్నా నేరమే. 1950 నాటి ఆర్మీ చట్టం వీటన్నింటినీ విడివిడిగా రాసిపెట్టింది. మరి తోటి సైనికురాలిని లైంగికంగా వేధిస్తే? అందుకోసమంటూ ఒక్క సెక్షన్‌ కూడా లేదు.

ఫిర్యాదు వస్తే 45వ సెక్షన్‌ తీసి ‘హోదాకు తగని ప్రవర్తన’ అంటారు. లేదంటే 63 కింద ‘క్రమశిక్షణకు భంగం’ అంటారు. చెల్లని చెక్కు ఇచ్చిన అధికారిపైనా, తన కింద పనిచేసే అమ్మాయిపై చెయ్యి వేసిన అధికారిపైనా అదే 45 పెట్టొచ్చు! ఇక సైన్యంలో వేధింపుల కేసులెన్నో సెక్షన్లు చూసి తేల్చడం ఎవరి తరం?

ఉన్న సెక్షన్లు చాలు, 46 కింద ఏడేళ్ల జైలు వేయొచ్చు, 69 కింద మామూలు శిక్షాస్మృతినీ వాడొచ్చు అని వాదించేవారున్నారు. వాడొచ్చు, కాదనం. వాడాలా వద్దా అన్నది ఎవరి చేతిలో ఉందన్నదే మా ప్రశ్న. కేసు క్రిమినల్‌ కోర్టుకు వెళ్లాలా, సైన్యం సొంత న్యాయస్థానమైన కోర్టు మార్షల్‌కా అన్నది కూడా 125వ సెక్షన్‌ ప్రకారం నిందితుడు పనిచేస్తున్న దళం కమాండరే నిర్ణయిస్తారు. బయటి మహిళపై అత్యాచారం జరిగితే, యుద్ధ విధుల్లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, కోర్టు మార్షల్‌ విచారించకూడదని 70వ సెక్షన్‌ చెబుతోంది. బాధితురాలు సైనికురాలైతే ఆ రక్షణా లేదు. యూనిఫాం వేసుకున్నందుకు ఆమెకు దక్కే న్యాయం తగ్గాలా?

అమెరికా సైన్యమూ ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొచ్చింది. 2020లో ఫోర్ట్‌ హుడ్‌ సైనిక స్థావరంలోని సైనికురాలు వనెస్సా గియెన్‌ హత్యకు గురైంది. ఆమెను అంతకుముందు ఒక పైఅధికారి వేధించాడని సైన్యం దర్యాప్తులోనే తేలింది. 2022 జనవరిలో గానీ లైంగిక వేధింపు అక్కడి సైనిక న్యాయస్మృతిలో ప్రత్యేక నేరం కాలేదు. ఒక ప్రాణం పోయాక కదిలారు. మనమూ అంతదాకా ఆగుదామా?

వేదికలెక్కి నారీశక్తి అంటారు, కవాతులో మహిళా దళాలను ముందు నడిపిస్తారు. ఆ దళంలోని అమ్మాయికి వేధింపు ఎదురైతే మాత్రం చూపించడానికి సెక్షన్‌ ఉండదు. మహిళా అధికారులకు పర్మనెంట్‌ కమిషన్‌ (రిటైరయ్యేదాకా కొలువు) కోసం 2020లో, అమ్మాయిలకు నేషనల్‌ డిఫెన్స్‌ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశ పరీక్ష కోసం 2021లో సుప్రీంకోర్టు చెబితే గానీ ప్రభుత్వం కదల్లేదు. ఈ ఒక్క సెక్షన్‌ రాయడానికి కూడా సైనికురాళ్లను మళ్లీ కోర్టు మెట్లు ఎక్కించకండి. సవరణ బిల్లు పెట్టాల్సింది రక్షణ శాఖ, ఆమోదించాల్సింది పార్లమెంటు. ఇన్నేళ్లుగా ఇద్దరూ ఏం చేస్తున్నారు?