వాషింగ్టన్ ఎవరి ఇంటిపేరు?

అమెరికాలో 2000 జనగణన ప్రకారం వాషింగ్టన్ అనే ఇంటిపేరున్నవాళ్లు దాదాపు 1,63,000 మంది. వాళ్లలో నూటికి 90 మంది నల్లజాతివాళ్లే. తొలి అధ్యక్షుడి పేరు కదా అని తెల్లవాళ్లే ఎక్కువ ఉంటారనుకుంటాం. ఆ పేరు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది.

మన కొండపల్లివాళ్లలాగే వీళ్లదీ ఊరి పేరే. ఉత్తర ఇంగ్లండ్‌లో డర్హమ్ దగ్గర వాషింగ్టన్ అనే ఊరుంది. 12వ శతాబ్దంలో విలియం డి హార్ట్‌బర్న్ అనే భూస్వామి తన పాత ఊరొదిలి ఇక్కడి భూములు తీసుకున్నాడు. ఊరితోపాటు ఇంటిపేరూ మారిపోయింది. అప్పట్లో పేరు మనిషికంటే భూమికే ఎక్కువ అంటుకుని ఉండేది.

ఆ వంశంలో ఒక శాఖ లాంకషైర్ మీదుగా నార్తాంప్టన్‌షైర్ చేరింది. అక్కడ లారెన్స్ వాషింగ్టన్ ఉన్ని వ్యాపారంలో బాగా సంపాదించి నార్తాంప్టన్ మేయరయ్యాడు. ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీ మఠాలు మూయించి వాటి ఆస్తులు అమ్ముతున్న రోజుల్లో, 1539లో, సల్‌గ్రేవ్ భూములు కొన్నాడు. అక్కడ కట్టిన ఇల్లు ఇప్పటికీ ఉంది. గుమ్మం పైన రాతిలో కుటుంబ చిహ్నం: రెండు అడ్డపట్టీలు, వాటి మీద మూడు నక్షత్రాలు. వాషింగ్టన్ నగరం జెండా మీద ఉన్నదీ అదే.

తర్వాత కుటుంబం చితికింది. లారెన్స్ అనే పేరే ఉన్న మరో వారసుడు పర్లీలో మతగురువు. ఇంగ్లండ్ అంతర్యుద్ధ కాలంలో, 1643లో, మతంలో కఠిన నియమాలు కోరే ప్యూరిటన్లు తాగుబోతని ముద్ర వేసి ఆయన్ని కొలువులోంచి తీసేశారు. కొడుకు జాన్ ఓడ ఎక్కాడు. 1657లో పొగాకు నింపుకుని తిరుగు ప్రయాణం కట్టిన ఆ ఓడ అమెరికాలోని పొటోమాక్ నదిలో ఇసుకమేటలో చిక్కుకుంది. జాన్ వర్జీనియాలోనే ఉండిపోయాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు, మామగారు 700 ఎకరాలిచ్చాడు. జార్జ్ వాషింగ్టన్ ఈయన మునిమనవడే. జార్జ్‌కి సొంత పిల్లలు లేరు. 1799లో ఆయన చనిపోయేనాటికి మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో 317 మంది బానిసలున్నారు.

నల్లవాళ్లకున్న వాషింగ్టన్ అనే ఇంటిపేరు యజమాని వేసిన ముద్రేనని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. అది ఆ మనుషుల తెలివినీ ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోని మాట. యజమానుల పద్దుల్లో ఒట్టి పేరే ఉన్నా, బానిసల్లో చాలామంది తమలో తాము ఇంటిపేర్లు వాడుకునేవాళ్లు. 1865లో విముక్తి వచ్చాక బడి, పెళ్లి, కూలి లెక్క, అన్నిచోట్లా ఇంటిపేరు కావాల్సొచ్చింది. కొందరు పాతది బయటపెట్టారు, కొందరు కొత్తది ఎంచుకున్నారు.

తర్వాత నల్లజాతివాళ్ల పెద్ద నాయకుడు, విద్యావేత్త అయిన బుకర్ అనే కుర్రాడి సంగతే చూడండి. బానిసగా పుట్టి, విముక్తి తర్వాత వెస్ట్ వర్జీనియాలో బడికెళ్లాడు. టీచర్ హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలందరికీ రెండేసి పేర్లున్నాయి, తనకు ఒకటే. టెన్షన్ పడ్డాడు. తన వంతు రాగానే, పుట్టినప్పటి నుంచీ అదే తన పేరన్నంత నిబ్బరంగా ‘బుకర్ వాషింగ్టన్’ అన్నాడు. ఈ సంగతి ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. మారుతండ్రిని అందరూ పిలిచే పేరు కూడా వాషింగ్టనే. తనకు పుట్టగానే అమ్మ టాలియఫెరో అని కూడా పేరు పెట్టిందని చాలాకాలం తర్వాత తెలిసింది. దాన్నీ వదులుకోలేదు. బుకర్ టి. వాషింగ్టన్‌లో ఆ ‘టి’ అమ్మ పెట్టింది.