సవరణ: 1976 తర్వాత కూడా కన్వర్టిబుల్స్ వచ్చాయి

కన్వర్టిబుల్ అంటే పైకప్పు మడిచి తెరవగల కారు. అమెరికన్ కారు కాడిలాక్ ఎల్డొరాడో మీద ఇంతకుముందు రాసిన పోస్టులో "1976 నుంచి 1982 దాకా అమెరికాలో కొత్త కన్వర్టిబుల్ దొరకలేదు" అన్నాను. అది తప్పు. పెద్ద కంపెనీలు తయారీ ఆపేసిన మాట నిజమే. కానీ బయటి బాడీ షాపులు ఆపలేదు. సిన్సినాటిలోని హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ వంటివి కొత్త కాడిలాక్ కూపేల (గట్టి పైకప్పున్న రెండు తలుపుల కార్ల) పైకప్పు కోసి, మడిచే టాప్ అమర్చి అమ్మాయి.

కోయడం తేలికే, అసలు పనంతా ఆ తర్వాతే. కారు బాడీ బిగువుగా ఉండడంలో పైకప్పుది పెద్ద పాత్ర. మూత తీసేసిన అట్టపెట్టెను రెండు చివర్లా పట్టుకుని మెలితిప్పి చూడండి, తెలిసిపోతుంది. అందుకే తలుపుల కింది భాగానికీ ఫ్లోర్‌కీ అదనంగా ఉక్కు వెల్డ్ చేయాలి. అది సరిగ్గా కుదరకపోతే ఒక చక్రం గుంతలో దిగగానే అద్దం అదురుతుంది, తలుపు గడియ దగ్గర కిర్రుమంటుంది. ఇంత పనితనాన్ని నా పోస్టులో పూర్తిగా వదిలేసినందుకు బాధగా ఉంది.

1982 బ్యూక్ రివేరా కన్వర్టిబుల్ మొత్తం బ్యూక్ ఫ్యాక్టరీలోనే తయారైందనీ రాశాను. అదీ సరికాదు. కూపేగా తయారైన కారును కన్వర్టిబుల్‌గా మార్చింది హైంజ్ ప్రెక్టర్ స్థాపించిన ఏఎస్‌సీ అనే బయటి కంపెనీ.

ఇక కన్వర్టిబుల్స్‌ను చట్టం నిషేధించిందన్న వాక్యం తీసేశాను. అలాంటి నిషేధం ఎప్పుడూ రాలేదు. కారు బోల్తా పడితే తట్టుకోవాలన్న కఠిన నిబంధన రావచ్చనే భయం మాత్రం ఉండేది. కార్లలో ఏసీలు పెరిగి కన్వర్టిబుల్ అమ్మకాలు అప్పటికే పడిపోయాయి కూడా.