‘ఎయిర్‌పోర్ట్‌కి జస్ట్ 15 నిమిషాలు’ గారికి ఒక లేఖ

శ్రీయుత ‘ఎయిర్‌పోర్ట్‌కి జస్ట్ 15 నిమిషాలు’ గారికి నమస్కరించి రాయునది.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. పోయిన ఆదివారం పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో, వెంచర్లో ప్లాట్లు చూపిస్తామని వచ్చిన తెల్ల ఇన్నోవా ఎక్కినవాళ్లలో, చివరి సీట్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నది నేనే. పక్కన మా ఆవిడ. మీరు మాత్రం దర్జాగా ముందు సీట్లో ఉన్నారు, ఒక రిటైర్డ్ మాస్టారి ఒళ్లో, నున్నటి బ్రోచర్ అట్ట మీద, బంగారు రంగు అక్షరాల్లో. మీ పక్కన పైకి లేస్తున్న విమానం, కింద పచ్చిక మీద నవ్వుతున్న ఎవరో తెల్లవాళ్ల కుటుంబం. కందుకూరు అవతల నాకు వాళ్లెవరూ కనబడలేదు గాని, ఆ సంగతి వదిలేయండి.

నా గొడవ రెండు ముక్కల్లో చెప్తాను. నేను పనిచేసేది శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ కార్గోలో, తెల్లవారుజామున నాలుగింటి షిఫ్ట్. ఉండేది వనస్థలిపురం. రెండున్నరకి లేచి మూడింటికల్లా బండి తీస్తే మందమల్లమ్మ, బాలాపూర్, పహాడీషరీఫ్ మీదుగా నాలుగింటికి పది నిమిషాల ముందు పంచ్ పడుతుంది. ఆ దారిలో ప్రతి మలుపులో కుక్కలకి నేను బాగా తెలుసు, అయినా రోజూ కొత్తవాణ్ని చూసినట్టే వెంటపడతాయి. మీ బ్రోచర్ చూసి వచ్చేవాళ్లలో చాలామందికి ఎయిర్‌పోర్ట్ అంటే ఏడాదికోసారి అమెరికా నుంచి దిగే కొడుకుని తీసుకురావడానికి. నాకు మీరంటే రోజుకి గంట నిద్ర. ఏడేళ్ల బాకీ. అందుకే ఫ్లెక్సీ మీద మీ పేరు కనబడగానే బండి ఆపి నంబర్ ఫీడ్ చేసుకున్నాను.

తొమ్మిదిన్నరకి రమ్మన్నారు. ఇంకో ఫ్యామిలీ రావాలని పదీ పది దాకా కదల్లేదు. తుక్కుగూడ దగ్గర టీకి ఆపారు. అక్కడ ఎయిర్‌పోర్ట్ వైపు బాణం గుర్తున్న బోర్డు చూసి, వచ్చేశాం అని మా ఆవిడ మోచెయ్యి గిల్లాను కూడా. టీ తాగాక ఇన్నోవా ఆ బాణానికి వీపు చూపించి శ్రీశైలం హైవే ఎక్కింది. ఎక్కి, నలభై నిమిషాలు పోయింది. కందుకూరు దాటింది, మట్టిరోడ్డు ఎక్కింది, ఆ మట్టిరోడ్డులోంచి ఇంకో మట్టిరోడ్డు ఎక్కింది, ఎర్రజెండాలు, పసుపు రంగేసిన హద్దురాళ్లు, నడి చేన్లో ఏ ఊరికీ దారి చూపని ఒక పెద్ద కమాను. దిగండి సార్, మన వెంచర్ వచ్చేసింది అన్నాడు ఏజెంట్.

ఇక్కణ్నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ఎంతసేపు పడుతుంది బాబూ అనడిగాను. తెలియక కాదు, ఆ మాట ఎలా వస్తుందో చూద్దామని.

‘పదిహేను నిమిషాలు సార్.’ కంటి రెప్ప కూడా కదల్లేదు.

మరి తుక్కుగూడ నుంచే నలభై నిమిషాలు వచ్చాం కదా అన్నాను. ఫోన్ తీశాడు. మ్యాప్ తెరిచాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి లాగాడు, మళ్లీ లాగాడు, హైదరాబాద్ మొత్తం బఠాణీ గింజంత అయ్యేదాకా లాగి, ‘చూడండి సార్, పక్కపక్కనే’ అన్నాడు. నిజమే, ఆ సైజులో చూస్తే మా అత్తగారి సూర్యాపేట కూడా ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉంది.

నా ముఖం చూసి ఇంకో మాటందుకున్నాడు. ఓఆర్‌ఆర్, అదే ఔటర్ రింగ్ రోడ్డు, ఎక్కితే నూట ఇరవైలో పోవచ్చట. ఓఆర్‌ఆర్ మీద స్పీడ్ లిమిట్ 100 నుంచి 120కి పెంచింది 2023లో, అది నాకూ తెలుసు. ఆయనకి తెలియనిది, లేదా తెలిసీ మింగేసింది ఇంకోటుంది, ఆ మెయిన్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు. 158 కిలోమీటర్లు నగరం చుట్టూ తిప్పి వేశారు, అందులో నా బండి కోసం ఒక్క కిలోమీటరు లేదు, సర్వీస్ రోడ్డే గతి. అదే అంటే, ‘ఇక్కడ ప్లాట్ కొన్నాక కారు కొనకుండా ఉంటారా సార్’ అన్నాడు. ప్లాటు ఈఎంఐ కట్టాక డీజిల్‌కి డబ్బులుండవు కాబట్టి, ఆ కారుని నేనూ మా ఆవిడా ఆ మట్టిరోడ్డు మీద తోసుకుంటూ డ్యూటీకి పోవాలి కాబోలు.

ఇంతకీ మీరు ఎక్కణ్నుంచి ఎక్కడికండీ? అది ఒక్కటి చెప్పండి చాలు. ఎయిర్‌పోర్ట్ స్థలమే దాదాపు 5,500 ఎకరాలు. మా ఊరి పొలాలు, చెరువు, గుట్ట అన్నీ కలిపినా అంత రాదు. మీరు చెప్పే పదిహేను టెర్మినల్ దాకానా, కార్గో గేటు దాకానా, లేకపోతే వెనకవైపు ముళ్లకంపల్లో గేటూ గీటూ లేని ప్రహరీ గోడ దాకానా? గోడ దాకా అయితే నేనేం చెయ్యాలి, గోడ దూకి రన్‌వే దాటి పంచ్ కొట్టాలా? ఏ రోజు కొలిచావసలు? ఏ పూట కొలిచావు, దేని మీద కొలిచావు? నేను రోజూ కొలుస్తాను, నాకు నిమిషమంటే ఏంటో తెలుసు. నేను పది నిమిషాలు లేటైతే సగం పూట జీతం పోతుంది. నీకు గంట తేడా వచ్చినా అట్ట మీద బంగారు రంగు చెక్కుచెదరదు. కొత్తూరులో నువ్వే, షాద్‌నగర్ అవతల నువ్వే, ఆదిభట్లలో నువ్వే, మహేశ్వరంలో నువ్వే. నలుదిక్కులా అదే పదిహేను. మా బావమరిది పోయిన ఏడాది జడ్చర్ల దగ్గర చూసిన వెంచర్ బ్రోచర్లో కూడా ఉన్నావట, పక్కన ‘స్మూత్ డ్రైవ్’ అని తగిలించారట. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇటొచ్చిన దగ్గర్నుంచీ నీది ఇదే పాట. ఆ మరుసటేడు మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైచిలుకు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వేశారు, అప్పుడైనా తగ్గావా? లేదు. ఊరు నాలుగింతలై రోడ్లు జామ్ అయ్యాయి, అప్పుడైనా పెరిగావా? అదీ లేదు. సిగ్గనేది నిమిషాల్లో కొలిస్తే నీ దగ్గర ఒక్క నిమిషం లేదు.

నీ చుట్టాలు కూడా అందరూ అదే బ్రోచర్లో ఉన్నారు, వాళ్లని కూడా అడిగానని చెప్పు. మెట్రో ఒకటి. 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి 31 కిలోమీటర్లని శంకుస్థాపన చేశారు, ప్రభుత్వం మారింది, లైను నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట వైపు తిరిగింది. దారి ఎటు తిరిగినా స్టేషన్ మాత్రం వెంచర్ కమాను ముందే. ఒకప్పుడు ఫార్మా సిటీ అని అచ్చేసిన చోట ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అని స్టిక్కర్, ఒక మూల లేచిపోయి కింద ‘ఫా’ కనబడుతోంది.

ఇది నచ్చకపోతే శంషాబాద్‌కి పడమర ఇంకోటుంది సార్ అన్నాడు. అది జీవో 111 కదా, జంట జలాశయాల కోసం 1996లో 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు కదా అంటే ముందు ‘ఎత్తేశారు’ అన్నాడు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూసేసరికి ‘ఎత్తేస్తారు’ అన్నాడు. మా ఆవిడ కాగితం చూపించమనేసరికి ‘ఎత్తేసినట్టే మేడం’ అన్నాడు.

ఈస్ట్ ఫేసింగ్ ప్లాటుకి గజానికి ఐదొందలు ఎక్కువట. రన్‌వేలు రెండూ కూడా తూర్పు పడమరలే బాబూ. ఆ వరసలో ఇల్లు కట్టుకున్నవాడికి లక్ష్మి నడిచొస్తుందో లేదో గాని, అర్ధరాత్రి గూట్లో గ్లాసులు గణగణమనేంత సౌండ్ మాత్రం వస్తుంది. కొంచెం ఉత్తరానికో దక్షిణానికో జరిగితే నయం. ఈ మాట ఏ బ్రోచరూ చెప్పదు, కార్గోలో ఏ హమాలీని అడిగినా చెప్తాడు.

బిర్యానీ బాగుంది. అబద్ధమాడను. రెండోసారి పెట్టించుకున్నాను.

మాస్టారు లక్ష టోకెన్ రాసిచ్చేశారు. కూతురు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు దగ్గరవుతుందని. నేను ఆగండి మాస్టారూ అనబోయాను, నోట్లో బిర్యానీ ఉంది. అది అడ్డం కాదు, మొహమాటం అడ్డం. దానికి మాత్రం నిన్ను తిట్టడానికి లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఏజెంట్ దిగిపోయాక డ్రైవర్ని మెల్లగా అడిగాను. అద్దంలోంచి చూసి, ‘అన్నా, నేను రోజూ తిరుగుత గదా, గంట పది. వానొస్తే లెక్క లేదు’ అన్నాడు. ఇల్లు చేరేసరికి ఆరున్నర. ఉన్న ఒక్క వీక్లీ ఆఫ్ నీకు సమర్పయామి. మళ్లీ రెండున్నరకి అలారం.

సోమవారం డ్యూటీ దిగాక కోపంతో ఇంటికి పోలేదు. శంషాబాద్ పాత ఊళ్లోకి పోయి సందులు తిరిగాను. ఒక సందు చివర రేకుల గేటు మీద సుద్దముక్కతో ‘టు లెట్’ అని రాసుంది. రెండు గదుల పోర్షను, ముందు తులసికోట, పక్కన రెండు నీలం డ్రమ్ములు. ముసలమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. అలవాటు కొద్దీ అడిగాను, ఎయిర్‌పోర్ట్‌కి ఎంతసేపు పడుతుందమ్మా అని.

‘నాకేమెర్క బిడ్డా, గవి నెత్తి మీదికెళ్లి పోతుంటె సూస్తున్న గని లోపటికి ఎన్నడు పోలె. సప్పుడు మస్తుగైతది, ముందుగాల్నే చెప్తున్న. ట్యాంకరు దినం తప్పి దినమొస్తది. కిరాయి మాత్రం తగ్గియ్య.’

నాలుగు ముక్కల్లో ఇల్లు మొత్తం చూపించేసింది. బండి తీసి, వాచీ చూసుకుని, అక్కణ్నుంచి కార్గో గేటు దాకా పోయాను. పదిహేడు. నమ్మకం లేక వెనక్కి వచ్చి మళ్లీ పోయాను, ఈసారి లారీ అడ్డం రాలేదు. పదిహేను.

గేటు దగ్గర బండి ఆపి కాసేపు అలాగే ఉన్నాను. ఇన్నేళ్లూ ఇక్కడున్నావా నువ్వు, బ్రోచర్ లేకుండా, కమాను లేకుండా, ఒక నీలం డ్రమ్ము వెనకాల?

రెండు నెలల అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. ఒకటో తారీఖున సామాన్లు దింపుతున్నాం. ఏజెంట్ ఇవాళ మళ్లీ ఫోన్ చేశాడు, ప్రీ లాంచ్ ఆఫర్ రేపటితో అయిపోతుందని. కట్ చేసి పడుకోబోతున్నాను. రెండున్నరకి లేవాలి. ఇంకో తొమ్మిది రోజులు.

ఇట్లు,
చివరి సీటు వాడు