సుద్ద నేలకు గంధకం వేసే ముందు

అమ్మోనియం సల్ఫేట్ ఎరువు, గంధకం వేస్తే సున్నపు నేలల్లో పీహెచ్ (నేల క్షారగుణాన్ని చూపే అంకె) దిగుతుందని చెబుతుంటారు, మాట నిజమే కానీ మా అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోటలున్న సుద్ద నేలల్లో అంత తేలిగ్గా కుదరదండీ. లెక్క చూడండి, ఎకరాలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు ఉంటుంది, అందులో సున్నం 1 శాతమే అనుకున్నా 9 టన్నులు, ఆ సున్నం ఉన్నంతవరకూ పీహెచ్ పెద్దగా దిగదు, దాన్ని కరిగించాలంటే దాదాపు 3 టన్నుల గంధకం కావాలి. ఏ రైతు పెట్టగలడు? పైగా ఇలాంటి నేలల్లో సున్నం 5, 10 శాతం ఉండటం మామూలే.

అందుకే పొలమంతా మార్చాలనే టెన్షన్ వదిలేసి, వేళ్ల దగ్గర పని జరిగితే చాలనుకోండి. అమ్మోనియం సల్ఫేట్‌ను పాదులో తడి మట్టిలోకి కలిపేస్తే వేళ్ల చుట్టూ కొద్దిమేర ఆమ్లం పుట్టి ఇనుము, జింకు అందుతాయి, పైపైన చల్లి వదిలేస్తే మాత్రం నత్రజని అమ్మోనియా వాయువై గాల్లో కలిసిపోతుంది. గంధకాన్నయితే మట్టిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చాలి, దానికి తేమ కావాలి, వారాల సమయం పడుతుంది. జిప్సం కారు చౌడును (సోడియం ఎక్కువైన నేలను) బాగుచేయడానికి, సున్నాన్ని అది తగ్గించదు, సున్నం తగ్గుతుందని అంగట్లో ఎంత చెప్పినా కొనకండి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కిందంటే ఇనుము లోపమే, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఎండ తగ్గాక పిచికారీ చేయండి.